‘పడు’ అన్న మాట మార్చాక: ఒక తొమొయె నాగె కేసు

జూడో నేర్పే కోచ్‌లు, కోచ్‌లు కావాలనుకునే సీనియర్ పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. తొమొయె నాగె అనే త్రో ఒక అమ్మాయికి ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు తప్పు కారణాలు పట్టుకుని తిరిగాను. ఆ నాలుగు నెలల్లో ఇంకో అమ్మాయికి దెబ్బ కూడా తగిలింది. ఇవన్నీ దాచకుండా రాస్తేనే ఇంకొకరికి పనికొస్తుంది.

పేరు, ఊరు, బరువు విభాగం, పోటీల వివరాలు వదిలేశాను. రాసింది అమ్మాయికి, వాళ్లమ్మకు, పార్ట్‌నర్‌గా ఉన్న అమ్మాయికి చదివి వినిపించాను. ముగ్గురూ సరేనన్నారు.

నేపథ్యం

మా హాలు తిరుపతిలో ఒక మేడ మీద ఉంది. ఈ అమ్మాయిది బస్సులో ముప్పావుగంట దూరంలోని పల్లె. ఇంట్లో ఆవులున్నాయి. తెల్లవారుజామున పాలు పితికి కేంద్రంలో పోసి, కాలేజీకి వెళ్లి, సాయంత్రం ఐదుకు మా మ్యాట్ మీదికి వచ్చేది. బ్రహ్మోత్సవాల రోజుల్లో బస్సులు ఎక్కడికక్కడ ఆగిపోయినా, ఆలస్యంగానైనా వచ్చేది తప్ప మానేది కాదు. ఆరో తరగతిలో చేరింది. ఈ కేసు మొదలయ్యేసరికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి ఏడాది.

పొట్టి మనిషి. చేతులు కూడా పొట్టివే, కానీ వీపు, నడుము గట్టివి. ఆ ఒంటికి తగ్గట్టు ఇప్పోన్ సెయోయి నాగె నేర్పాను. ఎదుటి వాళ్ల చంక కింద చెయ్యి దూర్చి, వీపు తిప్పి, భుజం మీదుగా వేసే త్రో అది. చిన్న వయసు విభాగంలో ఆ ఒక్క త్రోతోనే గెలుస్తూ వచ్చింది. ఉకెమి, అంటే పడటం, మా హాల్లో ఆమెకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. కొత్త పిల్లలకు చూపించాలంటే ఆమెనే పిలిచేదాన్ని. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కథంతా చివరికి ఇక్కడికే వస్తుంది.

సమస్య

కేడెట్ విభాగంలోకి వచ్చాక ఎదుటి వాళ్లు తెలివి మీరారు. ఆమె సెయోయి గురించి ముందే తెలుసుకుని వచ్చేవాళ్లు. కాలర్ పట్టుకుని చేతులు కర్రల్లా బిగించడం, నడుము వెనక్కి పెట్టి ముందుకు వంగి నిలబడటం మొదలుపెట్టారు. ఆ బిగిసిన చేతుల మధ్యలోకి వీపు తిప్పి దూరాలంటే దారి లేదు. తిరిగిన ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయేది. నాలుగు నిమిషాల బౌట్‌లో ఏడెనిమిది సార్లు అలా ఆగిపోతే రెఫరీకి అది దాడిలా కనిపించదు. షిడోలు, అంటే పెనాల్టీలు, పడేవి. మూడో షిడోకు బౌట్ పోతుంది. వరసగా మూడు పోటీల్లో ఇదే తీరుగా ఓడింది.

చాలామంది కోచ్‌లు ఇక్కడ గ్రిప్ మీద పనిచేస్తారు. నేనూ మొదట అదే చేశాను. నెలన్నర పాటు ఎదుటి చేతిని విడిపించడం, స్లీవ్ ముందుగా పట్టుకోవడం మీద కూర్చున్నాం. కొంచెం మెరుగుపడింది. కానీ తనకంటే పొడుగు చేతుల వాళ్లతో ప్రతిసారీ గ్రిప్ పోరులో గెలవడం జరిగే పని కాదు.

అందుకని ఇంకో వైపు నుంచి ఆలోచించాను. చేతులు బిగించి ముందుకు వంగి నెట్టే మనిషి బరువు ఎక్కడుంటుంది? పాదాల ముందు భాగంలో. అంటే ఆ మనిషి ముందుకు పడటానికి సగం సిద్ధంగానే ఉంది. సెయోయి కూడా ముందుకు వేసే త్రోయే కాబట్టి దిశలో తప్పు లేదు, మధ్యలో ఉన్న దూరంతోనే చిక్కు. ఆ దూరాన్ని దాటనవసరం లేకుండా, దాన్నే వాడుకుంటూ ముందుకు వేసే త్రో కావాలి. అప్పుడే తొమొయె నాగె గుర్తుకొచ్చింది.

ఈ త్రోనే ఎందుకు

జూడోలో సుతెమి వాజా అని ఒక కుటుంబం ఉంది. నిలబడి వేసే త్రోలలో వేసేవాళ్లు తమ కాళ్ల మీద తాము ఉంటారు. సుతెమిలో తామే ముందు మ్యాట్ మీదికి వెళ్లి, ఆ వెళ్లే ఊపుతో ఎదుటి వాళ్లను తిప్పేస్తారు. వెల్లకిలా వెళ్తే మా సుతెమి, పక్కకు వెళ్తే యోకో సుతెమి. తొమొయె నాగె మొదటి రకం. ఎదుటి మనిషి పొత్తికడుపు మీద పాదం పెట్టి, తను ఆ మనిషి కిందికి వెళ్లి, తల మీదుగా అవతలికి తిప్పి వేయడం.

దీనికి ముందు మిగతావీ తూచి చూశాను. సుమి గాయెషి కూడా వంగిన మనిషి మీద బాగా పనిచేస్తుంది, కానీ దానికి దగ్గరగా, ఛాతీకి ఛాతీ ఆనేలా రావాలి, మళ్లీ అదే దూరం అడ్డం. తాని ఒతోషి సరిగ్గా రాని వాళ్లు వేస్తే ఎదుటి వాళ్ల మోకాలి మీద బరువు పడుతుంది. ఆ వయసు పిల్లలకు నేను నేర్పను. ఉరా నాగెకు ఎత్తే బలం కావాలి, పడే వాళ్లకు ప్రమాదం కూడా ఎక్కువ. తొమొయె నాగె ఒక్కటే చేతులంత దూరం నుంచి మొదలవుతుంది. పైగా పొట్టివాళ్లకు అనుకూలం, కిందికి వెళ్లడానికి వాళ్లకు తక్కువ దూరం చాలు.

వరస ప్రకారం కూడా తొందరపాటు కాదు. 1882లో జూడో మూలపురుషుడు జిగొరో కానో కొడొకాన్ అనే జూడో బడిని మొదలుపెట్టాడు. అక్కడ 1920లో సవరించిన గోక్యోలో, అంటే త్రోలు నేర్పే వరసలో, నలభై త్రోలను ఎనిమిదేసి చొప్పున ఐదు జట్లు చేశారు. అందులో తొమొయె నాగె మూడో జట్టులో ఉంటుంది. మొదటి రెండు జట్లూ ఈ అమ్మాయికి వచ్చు.

మొదట నేర్పిన తీరు

నాకు నేర్పినట్టే నేనూ నేర్పాను. నిలబడి చూపించి, మూడు లెక్కలుగా విడగొట్టి చెప్పాను: ‘కాలు పెట్టు, పడు, తన్ను.’

ఆమె అలాగే చేసింది. కాలు పెట్టింది, పడింది, తన్నింది. పార్ట్‌నర్ మాత్రం నిలబడే ఉంది. ఇంకోసారి చేస్తే ఈసారి పార్ట్‌నర్ ముందుకు తూలి ఆమె మీదే బోర్లా పడింది. రెండు వారాల తర్వాత కూడా ఇవే రెండు ఫలితాలు: అయితే కదలదు, లేకపోతే మీద పడుతుంది.

ఈలోగా ఒక పోటీ వచ్చింది. వద్దన్నాను కానీ, ప్రయత్నిస్తాను మేడమ్ అని వేడుకుంటే ఒప్పుకున్నాను. ఒప్పుకోవాల్సింది కాదు. మొదటిసారి వేసినప్పుడు ఎదుటి అమ్మాయి కదలనే లేదు. ఎదుటి వాళ్ల బ్యాలెన్స్ చెదరగొట్టకుండా ఊరికే కింద పడితే రెఫరీ దాన్ని తప్పుడు దాడి అంటాడు, షిడో ఇచ్చాడు. రెండోసారి వేసేసరికి ఎదుటి అమ్మాయి దానికోసమే కాచుకుని ఉంది. వెల్లకిలా పడిన మా అమ్మాయి మీదికి నేరుగా వచ్చి అదిమి పట్టేసింది. ఇరవై సెకన్లు లెక్కపెడితే ఇప్పోన్, అంటే పూర్తి పాయింటు, బౌట్ అక్కడితో అయిపోయినట్టే. సుతెమి తప్పితే ఏమవుతుందో అందరికీ తెలిసేలా అయింది. ప్రత్యర్థి చేయాల్సిన పనిలో సగం మనమే చేసి పెట్టినట్టు.

నేను పట్టుకున్న తప్పు కారణాలు

మొదట భయం అనుకున్నాను. వెనక్కి పడటమంటే ఎవరికైనా భయమే కదా, పైన ఇంకో మనిషి కూడా వస్తుంటే ఇంకా భయం. వాళ్లమ్మ కూడా ఆ పోటీ అయ్యాక వచ్చి అడిగింది. ‘మేడమ్, ఆడబిడ్డ. నడుముకు ఏమన్నా అయితే రేపు మేమేం చేయాల?’ ఆ ప్రశ్న విన్నాక భయమే కారణమని ఇంకా గట్టిగా నమ్మాను. అమ్మాయిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పాను. మెత్తటి మ్యాట్ల మీద వెనక్కి పడటం రోజూ చేయించాను. టెన్షన్ పడొద్దు, టెన్షన్ పడొద్దు అని నెల రోజులు చెప్పి ఉంటాను.

ఆమెకు టెన్షన్ లేదు. వెనక్కి పడమంటే హాల్లో అందరికంటే అందంగా పడుతోంది. భయపడే పిల్ల అలా పడదు. ఆ సాక్ష్యం రోజూ కళ్ల ముందే ఉన్నా నేను చదవలేదు, ఎందుకంటే వాళ్లమ్మ భయాన్ని ఆమెకు అంటగట్టి చూస్తున్నాను.

తర్వాత కాలి బలం అనుకున్నాను. తన్నుడులో దమ్ము లేదు కాబట్టి పార్ట్‌నర్ లేవడం లేదని లెక్క వేసుకుని ఆరు వారాలు గుంజీలు చేయించాను, వెల్లకిలా పడుకుని బరువును పాదాలతో నెట్టే వ్యాయామం చేయించాను. కాలి బలం నిజంగానే పెరిగింది. త్రో ఇంకా చెడింది, పార్ట్‌నర్ ఇంకా దూరంగా వెనక్కి వెళ్లిపోతోంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు చాలా హాళ్లలో చూస్తున్నాను. తొమొయె నాగెలో కాలు తన్నడానికి కాదు. వేసేవాళ్ల నడుము ఎదుటి మనిషి పాదాల దగ్గరికి, దాదాపు మధ్యలోకి చేరితే, మడిచిన కాలు ఎదుటి మనిషి కిందికి వస్తుంది. అప్పుడు చేతులు లాగిన లాగుడుకు ఆ మనిషి బరువు పాదం మీదికి ఎక్కుతుంది. బరువు ఎక్కి, తల దాటి అవతలికి వాలుతున్న క్షణంలో మోకాలు చాపితే పైకి, వెనక్కి తిరుగుతుంది. నడుము దూరంగా పడితే కాలు ఏటవాలుగా ఉంటుంది. ఆ ఏటవాలు కాలిని ఎంత బలంగా చాపితే ఎదుటి మనిషి అంత దూరం వెళ్తుంది. అంటే నేను ఆరు వారాలు ఆమెకు ప్రత్యర్థిని దూరంగా నెట్టడం నేర్పాను.

పార్ట్‌నర్ మణికట్టు

నాలుగో నెల చివర్లో ఒకరోజు త్రో సగం పనిచేసింది. పార్ట్‌నర్ నిజంగానే ముందుకు తిరగబోయింది. అలా తిరుగుతానని ఆ పిల్ల అనుకోలేదు. నాలుగు నెలలుగా ఈ త్రోలో తను నిలబడటమో, బోర్లా పడటమో తప్ప తిరగలేదు. కంగారుగా చెయ్యి చాపి మ్యాట్ మీద పెట్టింది. మొత్తం బరువు ఆ మణికట్టు మీద పడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, బెణికింది. మూడు వారాలు కట్టు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేసే పిల్ల మీద నాలుగు నెలలు పనిచేశాను. పడే పిల్ల మీద ఒక్క రోజు కూడా చేయలేదు. ఆ పిల్లకు జెంపో కైటెన్ ఉకెమి, అంటే ముందుకు దొర్లి పడటం వచ్చు. అది తనంతట తను నేల మీద నుంచి చేసినప్పుడు. ఎవరో పాదం మీద ఎత్తి గాలిలో తిప్పితే చేయగలదా అని నేను పరీక్షించి చూడలేదు. రెండు ఇళ్లకూ వెళ్లి తప్పు నాదని చెప్పాను.

ఈ త్రో వదిలేద్దామా అని ఆలోచించాను. వదలకపోవడానికి కారణం ఒకటే. ఎందుకు రావడం లేదో ఇంకా తెలియలేదు. తెలియకుండా వదిలేస్తే రేపు ఇంకో పిల్లకు ఇదే తప్పు నేర్పుతాను. త్రో వేయించడం పూర్తిగా ఆపాను, కారణం వెతకడం ఆపలేదు.

వీడియోలో కనిపించింది

త్రోలు ఆపిన ఆ రోజుల్లో అంతకుముందు ఫోన్‌లో తీసిన వీడియోలన్నీ ముందేసుకున్నాను. పద్నాలుగు ఉన్నాయి. స్లో మోషన్‌లో చూస్తూ మొదట కాళ్లే చూశాను. నడుము పార్ట్‌నర్ పాదాలకు అడుగున్నర దూరంలో పడుతోంది. అదొక జవాబు, కానీ సగం జవాబే. దగ్గర దగ్గర అని నేను రోజూ అరుస్తూనే ఉన్నాను, తను అడుగు దగ్గరగా వేస్తూనే ఉంది. అయినా నడుము దూరంగా ఎందుకు పోతోంది?

మూడో రోజు రాత్రి చేతులు చూశాను. స్లీవ్ పట్టుకున్న ఎడమ చెయ్యి, వీపు మ్యాట్‌కు తగలడానికి కాస్త ముందు తెరుచుకుంటోంది. వేళ్లు విడిపోతున్నాయి. చెయ్యి పక్కకు వెళ్లి, అరచెయ్యి కిందికి తిరిగి, మ్యాట్‌ను కొడుతోంది. పద్నాలుగింటిలో పదకొండింట్లో అదే. చెయ్యి వదిలాక లాగేది ఏమీ లేదు. లాగుడు లేకపోతే పార్ట్‌నర్ బరువు పాదం మీదికి రాదు. పైగా చెయ్యి చాపి కొట్టడానికి చోటు కావాలి కాబట్టి ఒళ్లు దానంతట అదే వెనక్కి, దూరంగా వెళ్తోంది. అడుగున్నర దూరం అక్కడి నుంచి వచ్చింది.

మర్నాడు అమ్మాయిని అడిగాను, స్లీవ్ ఎందుకు వదులుతున్నావని. ‘నేను వదల్లేదు మేడమ్, పట్టుకునే ఉండాను కదా’ అంది. నిజంగా అలాగే అనుకుంటోంది. వీడియో చూపించాను. రెండుసార్లు వెనక్కి తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: ‘అది ఉకెమి కదా మేడమ్. మీరు పడు అంటారు కదా, పడతా ఉండాను.’

ఆ మాటతో నాకు అర్థమైంది. మా హాల్లో ఉషిరో ఉకెమి, అంటే వెనక్కి పడటం నేర్పేటప్పుడు ఇచ్చే ఆర్డర్ ‘పడు!’. ఆరో తరగతి నుంచి రోజూ ఆ మాట వినగానే గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రం చేసి, రెండు చేతులతో మ్యాట్‌ను కొట్టడం ఆ ఒంటికి అలవాటు. ఐదేళ్ల అలవాటు. ఇప్పుడు కొత్త త్రోలో నేను మధ్యలో అదే మాట పెట్టాను: ‘కాలు పెట్టు, *పడు*, తన్ను.’ ఆమె చెవికి అది త్రోలో రెండో భాగంగా వినపడలేదు, ఉకెమి చెయ్యమన్న ఆర్డర్‌గా వినపడింది. ఆజ్ఞ పాటించింది. అందరికంటే బాగా ఉకెమి చేసే పిల్ల కాబట్టే అందరికంటే ఎక్కువగా ఈ త్రో చెడింది. అదే హాల్లో ఉకెమి అంత బాగా రాని ఇంకో అమ్మాయికి తొమొయె నాగె మూడు వారాల్లో ఎలా వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది.

మార్చినవి

మొట్టమొదట మాట మార్చాలి. ఇది చిన్న పని అనిపించవచ్చు, కానీ సరైన మాట దొరకడానికి పదిరోజులు పట్టింది. ‘కూర్చో’ అని చూశాం. కుర్చీలో కూర్చున్నట్టు నడుము వెనక్కి పోయింది. ‘దొర్లు’ అని చూశాం. పాదం మీదికి బరువు రాకముందే దొర్లిపోయింది. జపాన్ మాట సుతెమికి అర్థం ఒళ్లు వదిలేయడం. అదీ చెప్పి చూశాను, ఒళ్లంతా వదులుగా పెట్టి చేతులు కూడా వదిలేసింది.

మాట చివరికి ఆమె దగ్గరి నుంచే వచ్చింది. వాళ్ల నాన్న చెనక్కాయల మూట వీపుకెత్తుకునేటప్పుడు ఏం చేస్తాడో చెప్పింది. ‘మూట కిందికి మనం దూరాల మేడమ్. మూటను మన మీదికి లాక్కుంటే నడుం పట్టేస్తుంది.’ ఆ రోజు నుంచి మా లెక్క ‘పట్టు, దూరు, తిప్పు’ అయింది. దూరడం అనగానే చేతులు వదలాలని ఒంటికి అనిపించదు, పట్టుకునే దూరుతాం. దూరడం అంటే దగ్గరికి, కిందికి. వెనక్కి కాదు. నడుము ఎక్కడ పెట్టాలో నేను అరిచి చెప్పాల్సిన పని ఆ మాటే చేసేసింది. ‘తన్ను’ను కూడా తీసేశాను, పైన చెప్పిన కారణానికే.

రెండోది, చేతి అలవాటు. ఇక్కడ నాకు నిజంగా సందిగ్ధం వచ్చింది. మ్యాట్‌ను కొట్టే అలవాటు పోగొడితే త్రో వస్తుంది. కానీ రేపు ఎవరైనా ఆమెను వేసినప్పుడు ఆ అలవాటే ఆమెను కాపాడాలి. ఉకెమిని చెడగొట్టి త్రో నేర్పడం ఏ లెక్కన చూసినా నష్టం. అందుకని పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన ఇంకోటి కట్టాలని నిర్ణయించాను. చుట్టిన తువ్వాలును రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, గడ్డం ఆనించి, వెనక్కి గుండ్రంగా దొర్లి లేవడం. చెయ్యి కొడితే తువ్వాలు జారిపోతుంది, తనకే తెలుస్తుంది. ప్రతి రోజూ ముందు పది మామూలు ఉకెమిలు ‘పడు’ అన్న మాటతో, తర్వాత పది తువ్వాలు దొర్లుళ్లు ‘దూరు’ అన్న మాటతో. తర్వాత రెండింటినీ కలిపి, నేను ఏ మాట అంటే అది. రెండో వారంలో తప్పులు చాలా తగ్గాయి. మూడో వారంలో వెనక్కి తిప్పి నిలబెట్టి, మాట ఆఖరి క్షణంలో చెప్పినా చెయ్యి సరిగ్గానే ఎంచుకుంది.

మూడోది, నేల నుంచి పైకి నేర్పడం. చిన్నపిల్లల్ని పాదాల మీద ఎత్తి ఊపే ఆట అందరికీ తెలిసిందే. అమ్మాయి వెల్లకిలా పడుకుని, మోకాలు మడిచి, పాదాన్ని పార్ట్‌నర్ బెల్టు ముడికి కాస్త కింద పెడుతుంది. మరీ పైన పెడితే పక్కటెముకలకు తగులుతుంది, మరీ కింద పెడితే జారుతుంది. పార్ట్‌నర్ తన బరువు నెమ్మదిగా ఆ పాదం మీద వేస్తుంది. తిప్పడం లేదు, బరువు ఎక్కినప్పుడు కాలికి ఎలా ఉంటుందో తెలుసుకోవడమే. వారం రోజులు ఇంతే. తర్వాత గొంతుకూర్చుని మొదలుపెట్టి, తర్వాత నిలబడి. నిలబడి చేసేటప్పుడు ఎడమ పాదం ఎదుటి వాళ్ల రెండు పాదాల మధ్యలోకి లోతుగా వెయ్యాలి, నడుము తన ఎడమ మడమ దగ్గరికే దిగాలి. నేల మీద బరువు రుచి తెలిశాక ఈ దూరం ఆమెకు చెప్పాల్సిన అవసరం రాలేదు. దూరంగా దిగితే ఆ రుచి రాదని ఆమెకే తెలుస్తోంది.

నాలుగోది పార్ట్‌నర్. మణికట్టు బాగయ్యాక, వాళ్ల ఇంట్లో ఒప్పుకున్నాకే మళ్లీ మొదలుపెట్టాం. ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద ఉన్న మనిషి మీదుగా దొర్లింది, తర్వాత నా పాదం మీదుగా, నేను చాలా నెమ్మదిగా తిప్పుతుంటే. దొర్లి నిలబడేంత వరకూ. చెయ్యి నిటారుగా చాపి ఆపుకోకూడదని, చెయ్యి వంపులో, భుజం మీదుగా దొర్లాలని, తల మ్యాట్‌కు తగలకూడదని ఒంటికి ఎక్కేదాకా అమ్మాయితో త్రో వేయించలేదు. మెడ విషయంలో రాజీ లేదు. కోచ్, మందపాటి మ్యాట్ లేకుండా ఈ త్రో ఎవరూ ప్రయత్నించకండి.

నాగె నో కాతా, అంటే త్రోలను ఒక నిర్ణీత వరసలో చేసి చూపించే సాధన, ఇక్కడ ఎంతో సాయపడింది. ఆ కాతాలో తొమొయె నాగె వేసేటప్పుడు టోరి, అంటే వేసే మనిషి, రెండు చేతులతో రెండు కాలర్లూ పట్టుకుంటాడు. ఇదివరకు నాకు అది పాతకాలపు పద్ధతిలా అనిపించేది. పార్ట్‌నర్ దెబ్బ తర్వాత చూస్తే దాని ఉపయోగం తెలిసింది. స్లీవ్ పట్టుకోకపోతే పడే వాళ్ల చేతులు ఖాళీగా ఉంటాయి, చక్కగా దొర్లి లేవగలరు. అందుకే మొదటి రెండు నెలలూ కాలర్ల పద్ధతిలోనే వేయించాను. స్లీవ్ తర్వాత. ఆ కాతాలో ఇంకో పాఠం కూడా ఉంది. టోరి ముందు నెడతాడు, ఎదుటి మనిషి తిరిగి నెట్టే ఆ నెట్టుడునే వాడుకుని కిందికి వెళ్తాడు. మా అమ్మాయి ప్రత్యర్థులందరూ నెట్టేవాళ్లే. మాకు కావాల్సిన కుజుషి, అంటే బ్యాలెన్స్ చెదరడం, వాళ్లే ఇస్తున్నారు. రెండడుగులు నెట్టి, తిరిగి నెట్టేదాకా ఆగడం ఒక్కటే మేం కలిపింది.

రోజుకు పన్నెండు త్రోలకు మించి వేయించలేదు. అలసిపోయిన ఒళ్లు పాత అలవాటు దగ్గరికే పోతుంది.

ఫలితం

కొత్త పద్ధతి మొదలైన ఐదో వారంలో మొదటి శుభ్రమైన త్రో పడింది. చప్పుడు లేకుండా వెళ్లి, పార్ట్‌నర్ గాలిలో తిరిగి, దొర్లి, అవతల నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. రండోరిలో, అంటే ఇద్దరూ స్వేచ్ఛగా పోరాడే సాధనలో, రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

తర్వాతి పోటీలో మూడు బౌట్లలో తొమొయె నాగె రెండుసార్లు వేసింది. ఒకటి వజారి, అంటే ఇప్పోన్‌లో సగం లాంటి పాయింటు. రెండోది పూర్తిగా తిరగలేదు, కానీ ఎదుటి అమ్మాయి ముందుకు తూలి చేతుల మీద పడింది. షిడో రాలేదు, మా అమ్మాయి స్లీవ్ వదల్లేదు కాబట్టి వెంటనే లేచి పైకి వెళ్లి అదిమి పట్టింది. రెండు బౌట్లు గెలిచి మూడోది ఓడింది.

నేను ఊహించని లాభం ఇంకోటి వచ్చింది. తొమొయె వేస్తుందని తెలిశాక ప్రత్యర్థులు వంగి నెట్టడం తగ్గించారు, నడుము ముందుకు తెచ్చి నిటారుగా నిలబడటం మొదలుపెట్టారు. నిటారుగా నిలబడితే సెయోయికి దారి తెరుచుకుంటుంది. ఆ ఏడాది ఆమె గెలుపుల్లో ఎక్కువ భాగం పాత సెయోయితోనే వచ్చాయి.

ఇప్పుడు మా క్లాసులో

కొత్త త్రో మొదలుపెట్టేముందు నేను వాడే ప్రతి మాటనూ పిల్లల్ని అడుగుతున్నాను, ఆ మాట వింటే నీ ఒళ్లు ఏం చేస్తుందని. జవాబులు ఆశ్చర్యంగా ఉంటాయి. ‘లాగు’ అంటే చాలామంది మోచెయ్యి కిందికి దించుతారని నాకు ఇన్నేళ్లలో తెలియదు. ఒక త్రో రాకపోతే కాళ్ల కంటే ముందు చేతుల వీడియో చూస్తున్నాను. సుతెమి నేర్పే ముందు పడే వాళ్లకు కనీసం మూడు వారాలు ఇస్తున్నాను. వేసే వాళ్లు ఎంత తొందరపడినా సరే. వాళ్లమ్మ అడిగిన ప్రశ్నకు కూడా అప్పుడు జవాబు లేకుండా ఊరుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం ఆమెను మ్యాట్ దగ్గరే కూర్చోబెట్టి, తువ్వాలు దొర్లుడు, పాదం మీద బరువు, అన్నీ వరసగా చూపించాను. ‘నడుము మీద పడేది లేదు కదా, దొర్లతా ఉంది’ అని తనే అంది.

తేలనిది ఒకటుంది. ఎడమచేతి వాటం వాళ్లు ఎదురైతే స్లీవ్ దూరమవుతుంది, నేరుగా మధ్యలోకి దూరడానికి దారి ఉండదు. మూడో బౌట్ ఓడింది అలాంటి అమ్మాయి చేతిలోనే. పక్క నుంచి దూరి, అడ్డంగా తిరుగుతూ వేసే యోకో తొమొయె నాగె మొదలుపెట్టాం. నేల మీద నుంచే, పార్ట్‌నర్‌కు పక్కకు తిరిగి పడటం నేర్పుతూ. ఇప్పటికి రెండో వారం. పాదం ఇంకా నడుము ఎముక మీద నిలవడం లేదు, జారుతోంది.